ప్రాగ్ గుట్ట మీద లక్ష్మీనర్సయ్య

మా అన్న లక్ష్మీనర్సయ్యకు రామన్నపేటలో ఒక పేరుంది. పెండ్లాన్ని బాటల పారేసుకున్నోడు. ఆ పేరు ఆయనకు పెళ్ళైన మొదటి ఏడాదే వచ్చింది. మీసాలు నెరిసినా వదల్లేదు.

మా ఊరి నుంచి రామన్నపేటకు పోయే బాట ఒకచోట గుట్ట ఎక్కి దిగుతుంది. నేసిన చీరలు సావుకారుకు ఇచ్చి నూలు తెచ్చుకోవడానికి అన్న, మా వదిన సుగుణమ్మ సైకిలు మీద వెళ్ళేవాళ్ళు. అన్న తొక్కేవాడు. వదిన చీరల మూట ఒళ్ళో పెట్టుకుని వెనక క్యారియర్ మీద కూర్చునేది. ఎక్కుడు మొదలు కాగానే, ఆయన అడగకముందే దిగి, మూట చంకన ఇరికించుకుని, రెండో చెయ్యి క్యారియర్ మీద పెట్టి నెట్టేది. పైకి చేరాక అన్న ఒక కాలు బండరాయి మీద ఆనించి ఆగేవాడు. ఆమె ఎక్కి కూర్చునేది. సైకిలు మళ్ళీ సాగేది.

ఆ మొదటి ఏడాది ఒక రోజు అన్న పైన ఆగాడు గానీ ఆమె ఎక్కిందో లేదో చూసుకోలేదు. ముందంతా దిగుడు. సైకిలు దానంతటదే పోయింది. నూలు ధర గురించో మా బాపు దగ్గు గురించో వెనక ఆమె ఉందనుకుని మాట్లాడుతూనే రామన్నపేట చౌరస్తా దాకా వచ్చాడు. అక్కడ దిగి "మూట ఇటియ్యి" అని వెనక్కి చెయ్యి చాపితే ఎవరూ లేరు. హోటల్ ముందు చాయ్ తాగుతున్నవాళ్ళంతా చూశారు. వదిన మూట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేసరికి చౌరస్తా మొత్తం ఆమె కోసం కాచుకుని ఉంది.

"ఏమయ్యో, ఏమన్న పోగొట్టుకున్నవా?" అన్నదట వదిన, అందరి ముందు.

ఆ రోజు నుంచి అన్నకొక అలవాటైంది. గుట్ట పైన కాలు ఆనించి ఆగితే, వెనక బరువు పడి సైకిలు కిందికి కుంగేదాకా కదిలేవాడు కాదు. వెనక్కి తిరిగి కూడా చూసేవాడు కాదు. చూడాల్సిన పని లేదు. వెనక చక్రం నేలకు నొక్కుకున్నట్టు, హ్యాండిల్ కొంచెం తేలికైనట్టు చేతులకే తెలిసేది. తెలిశాకే పెడల్ మీద కాలు వేసేవాడు. వదినకు ఆ సంగతి తెలుసు. కావాలనే ఎక్కకుండా నిలబడి కొంగు సర్దుకునేది, మూట ముడి విప్పి మళ్ళీ కట్టుకునేది.

"ఎక్కుతవా, పొద్దూకేదాక నిలబెడ్తవా?"

"నిలబడు, ఏం పోయింది? ఒకపారి పారేసుకున్నవుగ."

ఊళ్ళోకి మోటారు సైకిళ్ళు వచ్చాయి, ఆటోలు వచ్చాయి. అన్న మోటారు సైకిలు నేర్చుకోలేదు. వాళ్ళిద్దరూ చివరిదాకా ఆ సైకిలు మీదే తిరిగారు.

నేను చదువుల్లో పడి మగ్గం తప్పించుకున్నవాణ్ణి. హాలియాలో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. మగ్గం గురించి నాకు తెలిసిందంతా చూసి తెలుసుకున్నదే. మా వైపు చీర ఒక్క మనిషితో కాదు. అడ్డంగా పడే పేక నూలును చీర వెడల్పంత పొడవుతో వరుసలుగా చెక్క మీద సాగదీస్తారు. పువ్వు ఎక్కడ రావాలో గుర్తు పెడతారు. రంగు పట్టకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పేలికలతో బిగించి కడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పితే నూలు మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి. ఆ నూలును కండెలకు చుట్టి నేస్తే మచ్చలన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరి పువ్వవుతాయి. మా ఇంట్లో కట్టడం, కండెలు చుట్టడం వదినది. నేయడం అన్నది. ఎవరి కట్టు వాళ్ళదే. చెయ్యి మారితే పువ్వు అంచు మారుతుంది.

తెలంగాణ వచ్చిన నాలుగేళ్ళకు, ఒక వానాకాలం, వదినకు జ్వరం వచ్చింది. నల్గొండ దవాఖానలో వారం కూడా లేదు. ఆమె పోయేనాటికి మగ్గం మీద ఎర్ర చీర ఒకటి ఉంది. ఒళ్ళంతా నేయడం అయిపోయింది, కొంగు మిగిలింది. కొంగుకు కావలసిన నూలు చెక్క మీద సాగదీసి ఉంది. ఎడమ నుంచి మొదలుపెట్టి సగం దాకా కట్టింది వదిన. కుడి సగం ఉత్త నూలు.

ఆ చెక్క ఆ గోడకే ఆనించి ఉండిపోయింది. దాని మీద పాత ధోవతి ఒకటి కప్పాడు అన్న. చీర మగ్గం మీద అలాగే ఆగిపోయింది. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే స్నానం చేసి మగ్గం గుంతలోకి దిగి కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నానికి లేచేవాడు. మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. నేసేది ఏమీ లేదు. ఆయన ఒక్కగానొక్క బిడ్డ మానస పక్క వాడలోనే ఉంటుంది, బట్టలు కుడుతుంది. రోజూ అన్నం తెచ్చేది. ఆమె నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"చిన్నాయినా, బాపు మగ్గంల ఉత్తగనే కూసుంటున్నడే. ఎడమచెయ్యి గిట్ల పక్కకు చాపుతడు. అమ్మ కండె అందిస్తదన్నట్టు. చాపి, జరసేపటికి మళ్ళ దగ్గరికి తీసుకుంటడు. నాకు భయమైతాంది."

నేను వెళ్ళాను. మానస మొగమాటం లేకుండా ఆయన ముందే చెప్పింది. "గుర్వమ్మ పెద్దమ్మ కడ్తనంటున్నది. కట్టిచ్చుకొని చీర అయిపోగొట్టు బాపు. లేకపోతే పడుగు కోసెయ్యి, మగ్గం తీసెయ్యి. గిట్ల నడుమల పెట్టుకొని కూసుంటే ఎట్ల?"

గుర్వమ్మ మా వాడలోనే పెద్ద కట్టుగత్తె. ఆమె చేతి పని మంచిదే. అన్న చెక్క మీది ధోవతి అంచు సర్దాడు. "చూస్తం లే" అన్నాడు.

ఆ మాటతోనే ఏడాది గడిపాడు.

వదిన బతికి ఉన్నప్పుడే ఇద్దరికీ ఒక పిలుపు వచ్చింది. చెక్ దేశంలోని ప్రాగ్ అనే పాత పట్నంలో చేతిపనుల ప్రదర్శన. కట్టేవాళ్ళు ఒకరు, నేసేవాళ్ళు ఒకరు జంటగా వచ్చి అక్కడ పని చేసి చూపించాలి. హైదరాబాద్‌లో చేనేత వాళ్ళ కోసం పనిచేసే సుచరిత అనే అమ్మాయి మా ఊరు వచ్చి వీళ్ళ పని చూసి రాసుకుపోయింది. పాస్‌పోర్టులు కూడా వచ్చాయి. విమానంలో అన్నం ఎట్ల పెడతరు, ఒళ్ళోనే పెడతరా అని వదిన నన్ను అడిగింది. తర్వాత జ్వరం వచ్చింది. ప్రదర్శన మరుసటి ఏడాది జరిగింది. ఆయన పోనంటే పోనన్నాడు. మానసే బట్టలు సర్ది పెట్టె మూసింది.

"పోయి రా బాపు. వచ్చినంక మగ్గం సంగతి ఏదో ఒకటి చెప్పు. అమ్మ తోడు, నేనింక ఓపలేను."

"వచ్చినంక చెప్త" అన్నాడు అన్న. ఆ ఏడాదిలో ఆయన ఇచ్చిన మాట అదొక్కటే.

ప్రాగ్‌లో ఏం జరిగిందో ఆయన నాకు ఒక్కసారిగా చెప్పలేదు. కొంత రామన్నపేట స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నప్పుడు, కొంత మగ్గం పక్కన, కొంత ఏ సందర్భమూ లేకుండా. మిగిలింది సుచరిత చెప్పింది. నాకు గుర్తున్నంతవరకు ఇది.

ప్రదర్శనలో ఆయన కట్టడం చూపించలేదు. వాళ్ళు పెట్టిన చిన్న మగ్గం మీద తెల్ల నూలుతో సాదా గుడ్డ నేసి చూపించాడు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. మన దేశం నుంచి వెళ్ళిన నేతగాళ్ళలో తెలుగు వచ్చినవాడు ఇంకొక్కడే. నారాయణపేట చీరలు నేసే వెంకటేష్. అన్న కంటే ఇరవయ్యేళ్ళు చిన్న. నోరు ఊరుకోదు. చివరి రోజు సెలవిచ్చి, పట్నం చూపించడానికి నిర్వాహకులు బ్యాటరీ సైకిళ్ళు మాట్లాడారు. ముందు ఒక గైడు, వెనక వరుసగా వీళ్ళు.

"గీ సలిల సైకిలేంది మేడం? బస్సు లేదా?" అన్నాడు వెంకటేష్.

"బస్సు వెళ్ళని సందులన్నీ చూడొచ్చు. కష్టపడి తొక్కక్కర్లేదు, మోటారు ఉంటుంది" అంది సుచరిత.

"మోటారుంటే మళ్ళ పెడలెందుకు?" అని అడిగాడు అన్న.

"మీరు కాస్త తొక్కితే మిగతాది అది తొక్కుతుంది."

గైడు పొట్టి జుట్టున్న పిల్ల. అందరికీ హెల్మెట్లు ఇచ్చింది. అన్నకు గడ్డం కింద పట్టీ పెట్టుకోవడం రాకపోతే తనే పెట్టింది. "సంటిపిల్లగానికి కుల్ల కట్టినట్టు కట్టిందిరా" అని నవ్వాడు నాతో చెబుతూ. ఆ సైకిలు చక్రాలు మన సైకిలు చక్రాలకు రెండింతలు లావు. ఆయన టైరును వేలితో నొక్కి చూశాడట. ఆ ట్యూబు కోస్తే ఎన్ని పేలికలు వస్తాయో, ఎన్ని కొంగులు కట్టొచ్చో అనుకున్నాడట. వెంటనే ఆ ఆలోచన మానుకున్నాడు.

పెడల్ మీద కాలు వెయ్యగానే సైకిలు ముందుకు దూకింది. "ఓరి నీ" అని రెండు బ్రేకులూ పట్టేశాడు.

"అన్నా, నువ్వు ఎక్కింది సైకిలే, గుర్రం గాదు. చెయ్యి వదులు జేసి పట్టు" అన్నాడు వెంకటేష్. అతని సైకిలు అప్పటికే చెత్త డబ్బాకు తగిలి ఆగి ఉంది.

బాటలన్నీ చిన్న చిన్న రాళ్ళు పరిచినవి. పళ్ళు టకటకలాడాయి. ట్రాములు వీధుల మధ్యనే పోతున్నాయి. "రైలు ఊరి నడిమిట్ల పోతాంది తమ్మీ, గేటు లేదు, ఎర్రజెండా లేదు. మనుషులే జరుగుతున్నరు." ఆయనకు ఆ పట్నంలో అన్నిటికంటే అదే వింతగా తోచింది. పాత బజారు నడుమ పెద్ద గడియారం గోపురం ఉంది. గంట కొట్టే వేళకు దాని కింద జనం తిరునాళ్ళలా చేరారు. పైన చిన్న కిటికీలు తెరుచుకుని బొమ్మలు ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. ఎముకల బొమ్మ ఒకటి తాడు లాగి గంట కొట్టింది. కిటికీలు మూసుకున్నాయి. జనం చప్పట్లు కొట్టారు.

"గింతేనా?" అన్నాడు వెంకటేష్. "దీనికోసానికి గింతమందా?"

సుచరిత నవ్వింది. ఆ ఎముకల బొమ్మ ఎవరు మేడం అని అన్న అడిగాడు. మృత్యువు అని చెప్పింది. "గడియకోపారి కొడ్తదా?" అన్నాడు. అవునంది.

జనం మధ్య సైకిళ్ళు చేత్తో నడిపించుకుంటూ కోట ఎక్కాక గైడు ఒక కథ చెప్పింది. పూర్వం అక్కడ ఏదో తగాదా వచ్చి పెద్ద పెద్ద అధికారులను పై కిటికీలోంచి కిందికి పడేశారట. సుచరిత తెలుగులో చెప్పగానే వెంకటేష్ అందుకున్నాడు. "మన పంచాయితిల కుర్చీలు లేస్తయి. వీళ్ళు డైరెక్టుగ మనుషులనే లేపిన్రు." అన్న కూడా నవ్వాడు. అక్కడ గైడు పిల్ల ఆయనకొక ఫోటో తీసింది. ఆ ఫోటో ఇప్పుడు నా దగ్గరుంది. వెనక పెద్ద రాతి గోడ, ముందు పచ్చ హెల్మెట్‌లో అన్న. ఆయన ఫోటో మధ్యలో లేడు. కుడివైపుకు బాగా జరిగి నిలబడ్డాడు. ఎడమ పక్కన ఒక మనిషి నిలబడేంత జాగా ఉంది.

కోట నుంచి కిందికి దిగి నది దాటారు. ఆ వంతెన మీదా జనం ఎక్కువని సైకిళ్ళు చేత్తో నడిపించారు. మళ్ళీ ఇంకో వంతెన మీద ఇవతలికి వచ్చి గుట్ట మొదట ఆగారు. పైన ఏదో పాత మఠం, అక్కడినుంచి పట్నమంతా కనిపిస్తుందని గైడు చెప్పింది. అందరి సైకిళ్ళకూ తనే వచ్చి ఒక మీట నొక్కింది. బలం పెరుగుతుందట.

"ఎక్కుడు మొదలుగాంగనే నాకు అలవాటు గద తమ్మీ, పెడల్ జర నెమ్మది జేసిన. మీ వదిన దిగుతదని. దిగినట్టే అనిపిచ్చింది. గప్పుడే వెనుకనుంచి నెట్టుడు షురువైంది. అచ్చం చెయ్యి పెట్టి నెట్టినట్టే. సప్పుడు లేదు. మోటారని చెప్పిన్రు గని సప్పుడేది? మీ వదిన గుడ నెట్టేటప్పుడు మాట్లాడకపోయేది."

అలా గుట్టంతా ఎక్కాడు. అలుపు లేదు. సల్లగాలి. రెండు పక్కలా పండ్ల చెట్లు. ఏడాది తర్వాత మొదటిసారి ఒళ్ళు తేలికైందన్నాడు.

పైన అందరూ ఆగి నీళ్ళు తాగారు, ఫోటోలు తీసుకున్నారు. కింద పట్నమంతా ఎర్ర పెంకుల కప్పులే. కొద్దిసేపటికి గైడు చెయ్యి ఊపి అవతలి వైపు దిగుడులోకి సాగింది. ఒకరి వెనక ఒకరు కదిలారు. అన్న ఒక కాలు బాట అంచు రాయి మీద ఆనించి అలాగే నిలబడ్డాడు.

"దా అన్నా, పోతున్నరు" అన్నాడు వెంకటేష్.

"పో. వస్తం" అన్నాడు అన్న.

వెంకటేష్ వెళ్ళిపోయాడు. అన్న వెనక బరువు పడడం కోసం చూస్తున్నాడు. చక్రం కుంగడం లేదు. హ్యాండిల్ తేలిక కావడం లేదు. దిగుడులో చివరి సైకిలు కూడా మలుపు తిరిగింది. కుక్కను పట్టుకున్న ముసలామె ఒకామె పక్కనుంచి పోతూ ఏదో పలకరించింది. ఈయన తల ఊపాడు. నీడ ఒక రాయి మీది నుంచి పక్క రాయి మీదికి జరిగింది.

నేను ఉండబట్టలేక అడిగాను. "అన్నా, వదిన లేదన్న సంగతి గప్పుడు నీకు యాదికి లేదా?"

"యాదికి లేకపోవుడేందిరా? నిప్పు పెట్టింది నేనేగద. తెలుసు. కాలు లేస్తలేదు, అంతే. కదిలితే మళ్ళొకపారి పారేసుకున్నట్టైతదని."

ఆయన పెళ్ళైనప్పటి నుంచి గుట్ట పైన ఎన్నడూ చేయని పని అప్పుడు చేశాడు. తల తిప్పి వెనక్కి చూశాడు.

ఆ సైకిలుకు క్యారియరే లేదు. చక్రం మీద సన్నటి మడ్‌గార్డు ఉంది, అంతే. పొద్దట్నించి దాని మీదే తిరుగుతున్నాడు, చూసుకోలేదు. ఎవరైనా ఎక్కుదామన్నా కూర్చునే జాగా లేదు.

ఆయన సైకిలు దిగాడు. మీట నొక్కి మోటారు ఆపేశాడు. అది బాగా బరువైన సైకిలు, బ్యాటరీ తోటి ఇంకా బరువు. దాన్ని పట్టుకుని దిగుడు వెంట నడవడం మొదలుపెట్టాడు. సగం దారిలో సుచరిత ఎదురొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఏమైంది? బ్యాటరీ అయిపోయిందా?"

"లే బిడ్డా. మంచిగనే ఉన్నది."

"మరి?"

"నడువబుద్దైంది."

ఆమె ఒక క్షణం చూసి తనూ సైకిలు దిగింది. ఇద్దరూ కిందిదాకా నడిచారు. వదిన పేరు మీది టికెట్ రద్దు చేసింది ఆమే. ఆమెకు చెప్పాల్సింది ఏమీ లేదు.

నది ఒడ్డున వెంకటేష్ చిందులు తొక్కుతున్నాడు. "ఏం మనిషివే అన్నా! పోలీసులకు చెప్దామంటే వాళ్ళ భాష రాదాయె. దేశంగాని దేశంల నిన్ను పారేసుకొని ఇంటికి పోతే నీ బిడ్డ నన్ను నారాయణపేట దాక ఉరికిచ్చి కొడ్తది."

ఆ మాటకు అన్న నవ్వడం మొదలుపెట్టాడట. ఆపుకోలేకపోయాడట. రాతి గట్టు మీద కూలబడి, హెల్మెట్ పట్టీ గొంతుకు పట్టేసి దగ్గు వచ్చేదాకా నవ్వాడని సుచరిత చెప్పింది. ఎందుకు నవ్వుతున్నాడో తెలియక వెంకటేష్ కూడా నవ్వాడట. తర్వాత అన్న మొహం తుడుచుకుంటుంటే అందరూ నది వైపు తిరిగారట.

శంషాబాద్‌కు నేనూ మానసా వెళ్ళి తీసుకొచ్చాం. కారులో ఆయన నిద్రపోయాడు. చౌటుప్పల్ దగ్గర చాయ్‌కి ఆగితే మానస ఆగలేకపోయింది.

"మాటిచ్చినవు బాపు. మగ్గం సంగతి ఏం జేస్తవు?"

అన్న గ్లాసులోకి ఊదుతూ, "గుర్వమ్మను పిలువకు" అన్నాడు. మానస మొహం వాడిపోయింది. మగ్గం తీసేస్తాడనే అనుకుంది. తీసెయ్యమన్నది తనే, అయినా.

"నేనే కడ్త."

"నువ్వా? నీకు కట్టుడొస్తదా?"

"రాదు" అన్నాడు అన్న.

ఇంటికి వెళ్ళిన మర్నాడే చెక్క మీది ధోవతి తీశాడు. ఏడాది దుమ్ము దులిపాడు. నేను తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి చెక్క ముందు కూర్చుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, రబ్బరు పేలిక చుట్టుతున్నాడు. మగ్గంలో నాడె విసిరిన వేళ్ళు, లావు వేళ్ళు. పేలిక జారిపోతోంది. చుట్టింది విప్పి మళ్ళీ చుడుతున్నాడు. వదిన ఒక పూటలో చేసే పని ఆయనకు వారం పట్టింది. గుర్వమ్మ గడప దగ్గర నిలబడి చూస్తోంది.

"ఏందయ్యో, గిది కట్టుడా? గడ్డిమోపుకు తాడేసినట్టున్నది. మా సుగుణ చూస్తే చెక్క తీసుకొని నెత్తి మీద ఒక్కటిచ్చేది."

"ఇస్తే మంచిదేనాయె" అన్నాడు అన్న, తల ఎత్తకుండా.

గుర్వమ్మ మాట మార్చింది. "గట్ల గాదు. మొదటి చుట్టు మీదనే బలం పెట్టాలె. మీదికెల్లి ఎంత బిగిచ్చినా లోపటికి రంగు పోతది."

"చెప్పుడు చెప్పు అక్కా. చెయ్యి మాత్రం పెట్టకు."

ఆమె చెయ్యి పెట్టలేదు. రోజూ వచ్చి తిట్టిపోయేది. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పిన రోజు నేను లేను. మానస ఫోన్‌లో చెప్పింది. ఎడమ సగం మల్లెపువ్వుల్లాగ తెల్లగా తేలిందట. కుడి సగంలో రంగు కట్ల లోపలికి పాకి మచ్చల అంచులు గులాబీ రంగుకు తిరిగాయట. అన్న చాలాసేపు చూసి, "పోనీ" అని కండెలు చుట్టడానికి కూర్చున్నాడట. అన్ని కండెలూ ముందే చుట్టి ఒక గంపలో వేసుకుని, ఆ గంప మగ్గానికి ఎడమ పక్కన పెట్టుకున్నాడు.

కొంగు నేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. వెడల్పులో సగం దాకా పువ్వులు తేటగా, కత్తిరించి పెట్టినట్టు వచ్చాయి. నడుమ గీత గీసినట్టు, అక్కణ్ణించి అవే పువ్వులు చెమర్చినట్టు, అంచులు తెలియకుండా, కొన్ని పక్కకు ఒరిగి. అన్న ప్రతి వరుసకూ నూలు సర్దుతూ ఒరిగినవాటిని నిలబెట్టాలని చూశాడు. కొన్ని నిలబడ్డాయి.

మగ్గం మీది నుంచి చీర కోసిన రోజు నేను అది దాచుకుంటాడనుకున్నాను. కనీసం మానసకిస్తాడనుకున్నాను. ఆయన మడత పెట్టి రామన్నపేట సావుకారు దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్ళాను, ఆటోలో. సావుకారు కొంగు విప్పి వెలుతురుకు పట్టాడు.

"గీ పక్క ఎవరు కట్టిన్రు లచ్చీనర్సయ్యా?"

"నేనే."

"గా పక్క?"

"ఆమె."

సావుకారు దాన్ని మడిచి రెండో రకం చీరల్లో పెట్టాడు. బయటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. "ఎందుకిచ్చినవే అన్నా? వదిన చేతి పని, ఇంట్ల ఉంచుకునేది పోయి."

"పెట్టెల పెట్టుకునేటందుకు నేస్తరా తమ్మీ? ఎవరో కట్టుకుంటరు తియ్యి."

తర్వాత ఆయన తన కట్టుతోనే చిన్న చిన్న గళ్ళ చీరలు నేశాడు. పువ్వుల జోలికి పోలేదు. గుంతలోంచి లేచి కండె చుట్టుకోవడం, మళ్ళీ దిగి నేయడం. ఇద్దరు మనుషుల పని ఒక్కడే చేసేవాడు కాబట్టి నెలకొక చీర కూడా అయ్యేది కాదు. కరోనా వచ్చినప్పుడు కొనేవాళ్ళు లేకపోయినా నేశాడు. మానస తెచ్చిన అన్నం గిన్నె కడిగి గడప మీద బోర్లించేవాడు. మాట్లాడడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. నేను వెళ్తే చాయ్ పెట్టేవాడు, అందులో చక్కెర వేయడం మర్చిపోయేవాడు. రెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాడు లేవలేదు. మగ్గం మీద గళ్ళ చీర ఉంది. దాన్ని గుర్వమ్మ కొడుకు నేసి పూర్తి చేశాడు. మగ్గం ఇప్పుడు వాళ్ళింట్లో ఉంది.

నాకు మాత్రం ఒక పిచ్చి అలవాటు మిగిలింది. బస్సులో, పెళ్ళిళ్ళలో, దవాఖాన వరండాల్లో ఎర్ర చీర కనిపిస్తే చూపు కొంగు మీదికి పోతుంది. ఎవరో కట్టుకుంటరన్నాడు కదా, ఎవరో ఒకరు కట్టుకునే ఉండాలి. మొన్న నల్గొండ బస్సులో నా ముందు సీటులో ఒకామె కూర్చుంది. ఎర్ర చీర, తెల్ల పువ్వులు, కొంగు భుజం మీది నుంచి వెనక్కి జారి సీటు వెనక వేలాడుతోంది. నేను కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగాను.

ఆమె వెనక్కి తిరిగింది. "ఏంది సార్, గట్ల చూస్తున్నరు?"

"ఏం లేదమ్మా. చీర మంచిగుంది."

"పోచంపల్లిల కొన్నం" అంది ఆమె, మెత్తబడి, కొంగు కొంచెం విప్పి చూపిస్తూ. "మా ఆడిబిడ్డ పెండ్లికి."

నేను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాను. రెండు పక్కలా పువ్వులు ఒకేలా, తేటగా ఉన్నాయి.